ఆయిలు దిగినంతసేపు

పోయిన శుక్రవారం పొద్దున్న వంటింట్లో చేపకి పొలుసు తీస్తుంటే నా ఫోనుకి ఎవరో మాట్లాడి పంపిన మెసేజి వచ్చింది. చెయ్యి కడుక్కుని విన్నాను. జగిత్యాల నుంచి ఒక ఆడపిల్ల గొంతు. "ఫుప్పూ, అబ్బా పోయిండు. నిన్న మగ్రిబ్ నమాజు టైముల, పొద్దు గూకంగ. నీకు ముందుగాల చెప్పాలని నంబరు రాసి పెట్టిండు" అంది. ఫుప్పూ అంటే వాళ్ళలో మేనత్త. ఆ పిల్లని నేను ఏనాడూ ఎదురుగా చూసింది లేదు. వాళ్ళ నాన్న నన్ను చెల్లె అనేవారు గనక నేను తనకి మేనత్తనయ్యాను.

నాది కోనసీమ. బహ్రెయిన్‌లో నువైద్రాత్ అనే ఊళ్ళో ఒకే ఇంట్లో పదమూడేళ్ళుగా వంట చేస్తున్నాను. ఆయన ఆ ఇంటి డ్రైవరు. ఎనిమిదేళ్ళు ఒకే ప్రహరీ లోపల ఉన్నాం. నాది మేడ వెనకాల గది, ఆయనది గేటు పక్క గది. ఇన్నేళ్ళలో ఆయనని పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు, అన్నయ్యా అనేదాన్ని. ఇప్పుడు కాగితం మీద ఆ పేరు పెట్టబోతే ఎవరో వేరే మనిషి సంగతి చెబుతున్నట్టుంది. అందుకని పేరు లేకుండానే చెబుతాను.

ఆయన అనగానే నాకు ముఖం కంటే ముందు పాదాలు కనిపిస్తాయి. బండి కింద నుంచి బయటికి చాపి ఉన్న రెండు పాదాలు. మడమలు పగిలి ఉండేవి. కుడికాలి బొటనవేలి గోరు నల్లగా ఉండేది. ఊళ్ళో లారీ నడిపే రోజుల్లో దాని మీద జాకీ పడిందట. ఆ పాదాల అవతల, బండి కింద నీడలోంచి గొంతు వచ్చేది. నేను వంటింటి మెట్టు మీద కూర్చుని కొత్తిమీర ఏరుకుంటూ ఆ పాదాలతోనే మాట్లాడేదాన్ని.

ఆ బండి మా ఇంటాయన తండ్రిగారి పాత తెల్ల జీపు. ఇంటాయనని మేమందరం బాబా అనేవాళ్ళం. తండ్రి పోయినా ఆ జీపుని అమ్మబుద్ధి కాలేదు బాబాకి. దాన్ని చూసుకునే పని మొత్తం అన్నయ్యకి వదిలేశారు. మూడు నెలలకొక శుక్రవారం ఆయన దానికి ఆయిలు మార్చేవారు. ఆ పని చూస్తుంటే నాకు ఎవరింట్లోనో పసిపిల్లకి తలంటు పోస్తున్నట్టుండేది.

చలికాలం పొద్దుట ఇక్కడ సముద్రం మీంచి పల్చటి తేమ వచ్చి గోడల మీద వాలుతుంది. సిత్రా వైపు పొగగొట్టాలు ఉన్నాయో లేవో అన్నట్టు కనిపిస్తాయి. ఆ వేళప్పుడు ఆయన జీపు తీసి ఖర్జూర తోటల దాకా మెల్లగా వెళ్ళి తిరిగి వచ్చేవారు. ఎందుకన్నయ్యా అంటే, "పండుకున్నోన్ని లేపి జర నడిపిస్తెనే గదా చెల్లె, లోపటి మురికి కదిలేది" అనేవారు. సల్మాబాద్ గ్యారేజీల్లో ఎవరిచేతో వెల్డింగు చేయించుకున్న ఇనుప వాలుబల్లలు రెండు ఉండేవి. వాటి మీదికి ముందు చక్రాలు ఎక్కించేవారు. కింద అట్టపెట్టె పరిచి, బిస్మిల్లా అనుకుని, వెల్లకిలా జరిగి లోపలికి పోయేవారు. నట్టు తిరిగే చప్పుడు. తర్వాత నా అన్నం వార్చే బేసినులో ధారగా పడే చప్పుడు.

ఆ బేసిను కోసం మేము ఎన్నిసార్లు దెబ్బలాడుకున్నామో.

"అన్నయ్యా, మళ్ళీ నా బేసినే దొరికిందా మీకు? దాంట్లో అన్నం వారుస్తానండి నేను!"

"కొత్తది కొనిస్త గాని, ఆగరాదూ. గీ అంచు లెక్క మంచి అంచు యాడ దొరుకుతది?"

"కొనిస్తారు, కొనిస్తారు. ఆయ్, పోయినసారీ ఇదే మాట."

"ఆయ్!" అని నన్ను వెక్కిరించేవారు కింద నుంచి. మా కోనసీమ 'ఆయ్' ఆయనకి పెద్ద కాలక్షేపం. కొత్త బేసిను మాత్రం కొనిచ్చేవారు, మాట తప్పేవారు కాదు. కొత్తది నాకు, పాతది జీపుకి అనేవారు. మూడు నెలలు తిరిగేసరికి ఆ కొత్తదే బండి కింద ఉండేది.

ధార సన్నబడి చుక్కలయ్యేది. అక్కడ మొదలయ్యేది ఆయన అసలు పని. ఏ పనీ చెయ్యకుండా ఉండటమే ఆ పని. జేబులోంచి తస్బీ దండ తీసి, చుక్కకీ చుక్కకీ మధ్య పూసలు జరిపేవారు. మొదట్లో ఒక పూస జరిగేలోపే మూడు చుక్కలు. తర్వాత పూసకి ఒక చుక్క. ఆ తర్వాత రెండు పూసలు, నాలుగు పూసలు. రెండు చుక్కల మధ్య పదకొండు పూసలు జరిగితే, "ఖలాస్, దిగింది" అనేవారు. అంతవరకు నట్టు బిగించేది లేదు. నేనిచ్చిన టీ బండి పక్కన చల్లారిపోతుండేది. పిచ్చుకలు వచ్చి గోడ మీద కూర్చునేవి. ఎక్కడో మసీదులో మైకు సరిచేస్తున్న చప్పుడు. ఆ చుక్కల మధ్య ఉండే ఖాళీ ఎంత పెద్దదని చెప్పను! అందులో మా ఊరి కాలవా, మా అమ్మ గొంతూ అన్నీ పట్టేసేవి.

ఆయన కలలు చెప్పేది కూడా ఆ ఖాళీలోనే. ముఖం కనపడుతుండగా ఒక్క కలా చెప్పలేదు ఎప్పుడూ.

"రాత్రి మా వాగు నిండ నీళ్ళు చెల్లె. అద్దం లెక్క ఉన్నయి. నేను నీళ్ళ అడుగున లారీ తోల్తున్న. చేపలు అద్దం మీదికెల్లి పోతున్నయి. ఒడ్డుకు మా అమ్మ బట్టలు ఉతుకుతాంది. హారన్ కొట్టిన."

"వినిపించిందా ఆవిడకి?"

చుక్క పడింది. పూసలు జరిగాయి. "నీళ్ళల్ల హారన్ ఎట్ల వినపడుతది?" అన్నారు.

ఇంకోసారి ఇంజనులో ఆయిలుకి బదులు తేనె పోశారట కలలో. బండి చప్పుడు లేకుండా గాల్లో పోయిందట. కాని ఎక్కడ ఆపినా చీమలట. అది చెప్పి తనే పడీ పడీ నవ్వారు. బండి కింద నుంచి వచ్చే నవ్వుకి పాదాలు రెండూ కదిలేవి.

పని అయ్యాక వంటింటి పంపు దగ్గరికి వచ్చి, "ఒక చెంచెడు చక్కెర వెయ్యి చెల్లె" అని రెండు చేతులూ చాపేవారు. పంచదార, గిన్నెల సబ్బు కలిపి రుద్దుకుంటే జిడ్డు మొత్తం పోతుందని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పాత ఆయిలు డబ్బాలకి ఎత్తి సల్మాబాద్‌లో తీసుకునేవాళ్ళకి ఇచ్చి వచ్చేవారు. ఒక్క చుక్క ఇసకలో పడితే అట్టముక్కతో గోకి తీసేవారు.

ఆయన గదిలో ఒక గోడంతా పాత క్యాలెండరు కాగితాలు, వెనక్కి తిప్పి అంటించినవి. వారానికోసారి ఇంజనులో ఆయిలు చూసే పుల్ల తీసి కాగితం మీద ఒక చుక్క పెట్టేవారు. చుక్క పాకి చుట్టూ వలయం కట్టేది. కొత్త ఆయిలు చుక్క తేనె రంగు, రాను రాను టీ రంగు, చివరికి కాటుక. మధ్యాహ్నం తలుపు తీసి ఉంటే గోడ మీద వరసగా చందమామలు ఉన్నట్టే ఉండేది. "ఇది బండి నాడి" అనేవారు.

ఇలా ఉండగా బాబా కొత్త బండి కొన్నారు. పెద్దది, ఏడుగురు కూర్చునేది, నల్లటి నలుపు. బండి అమ్మిన కంపెనీవాళ్ళ సర్వీసు సెంటరుని ఇక్కడ ఏజెన్సీ అంటారు. కొత్త బండికి ఆయిలు మార్చాలన్నా, ఏం చెయ్యాలన్నా ఏజెన్సీలోనే చేయించాలని, బయట ఎవరు ముట్టుకున్నా వారంటీ పోతుందని బాబా కట్టడి చేశారు. బాబాదీ తప్పు కాదు. ఆయన తమ్ముడి బండి ఒకటి బయట షెడ్డులో విప్పించినందుకు ఏజెన్సీవాళ్ళు వారంటీ కాగితం చింపి చేతిలో పెట్టారు. ఆ భయం ఆయనది.

"దాన్ని నువ్వు కడుగు, నడుపు. కిందికి మాత్రం దూరకు. మాట ఇవ్వు" అన్నారు బాబా.

అన్నయ్య గుండె మీద చెయ్యి పెట్టుకుని మాట ఇచ్చారు.

ఏజెన్సీకి వెళ్ళే రోజున ఆయన ముస్తాబు చూడాలి. ఇస్త్రీ చొక్కా, అత్తరు, దువ్విన గడ్డం. అక్కడ చల్లటి గదిలో కాఫీ ఇస్తారట, మెత్తటి కుర్చీలట. అద్దం అవతల బండిని పైకి లేపుతారట. ఆ అద్దం దాటి లోపలికి మాత్రం రానివ్వరు.

"పురిటి గదిలకు మొగోన్ని రానియ్యనట్లు బయట కూసోబెడుతరు చెల్లె. లోపట ఏమైతాందో ఎర్కలేదు. బయటికి వచ్చినంక కాయితం ఇస్తరు, ముద్ర కొట్టి."

"మరి నచ్చలేదాండీ?"

"కాఫీ మంచిగున్నది" అన్నారు. మళ్ళీ ఆయనే, "వాళ్ళు చెడ్డోళ్ళు గాదు. వాళ్ళకు మస్తు బండ్లు. నాకు ఒక్కటే" అన్నారు.

కొత్త బండి వచ్చిన నెలలోనే దసరా వచ్చింది. మొదటి సర్వీసు ఇంకా కాలేదు. మా వైపు ఆయుధ పూజనాడు సైకిలుకైనా బొట్టు పెట్టకుండా వదలం. ఈ బండిలో ఏడుగురు కూర్చుంటారు, పిల్లలు, బాబా తల్లి యుమ్మా. నల్లగా, బోడిగా నిలబడి ఉన్న ఆ బండిని చూస్తే నాకు మనసు ఒప్పలేదు. అన్నయ్యతో చెప్పాను. కోప్పడతారనుకున్నాను.

"మా ఊళ్ళె నా లారీకి దసరానాడు మా దోస్తు నిమ్మకాయలు కట్టేటోడు. వద్దంటే అలిగేటోడు" అని నవ్వారు. "పెడుదువు తియ్యి. బాబా చూడని జాగల పెట్టు."

కుంకుమ వేడికి రాలిపోతుందన్నారు. బాబా కూతురు పారేసిన ఎర్ర గోళ్ళరంగు సీసా ఒకటి నా దగ్గర ఉంది. బాబావాళ్ళు మధ్యాహ్నం నిద్రలో ఉండగా అట్టపెట్టె పరిచి, ఈసారి నన్ను దూరమన్నారు. ఆయన బయటే ఉన్నారు. ఇచ్చిన మాట ప్రకారం కిందికి రాలేదు, వంగి వేలు మాత్రం చూపించారు. బండి కింద చల్లగా ఉంది. పైన గొట్టాలు, రేకులు. ఆవు పొట్ట కింద పడుకున్నట్టు అనిపించింది నాకు.

"అగో, ఆ గుండ్రటి డబ్బా కనపడుతుందా? అది ఫిల్టరు. మన టీ జల్లెడ లెక్క. ఆయిల్ అంత దానిలకెల్లే పోవాలె. సర్వీసుకు పోయినప్పుడల్ల దాన్ని తీసేసి కొత్తది పెడుతరు."

కంటికి బాగా ఆనే చోట చిన్న బొట్టు పెట్టాను.

"గంత చిన్నగనా? పిసినారి దానివి. పైనున్నోనికి కనపడద్దా?"

ఇంకొంచెం పెద్దది చేశాను. ఫోనుతో ఫొటో తీసి ఊళ్ళో నా కూతురికి పంపాను, 'మా కొత్త బండికి దసరా' అని.

మొదటి సర్వీసు అయింది. ఏజెన్సీ కాగితం మీద ఆయిలు మార్చామని ఒక టిక్కు, ఫిల్టరు మార్చామని ఒక టిక్కు, ముద్ర. మర్నాడు బండి కడుగుతూ అన్నయ్య మోకాళ్ళ మీద వంగి టార్చి వేసి చూశారు. నన్ను పిలిచారు.

"చెల్లె, నీ బొట్టు ఆడనే ఉన్నది."

రెండు చేతులూ జోడించాను. "చూశారా అన్నయ్యా, అమ్మవారు చెరగనివ్వలేదు! అన్ని మిషన్లలో పెట్టి తిప్పినా నా బొట్టు నిలబడింది" అన్నాను. ఆ వేళ పాలు పొంగించి పరమాన్నం చేశాను కూడాను. ఆయనది నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం.

"ఓ పిచ్చి చెల్లె" అన్నారు. "బొట్టు ఉన్నదంటే డబ్బా మార్చలే. కాయితం మీద టిక్కే కొట్టిన్రు."

బండి కిందికి దూరకపోయినా నాడి చూడటం ఆపలేదాయన. ఆ వారం కాగితం మీద చుక్క పెట్టారు. కొత్త ఆయిలు తేనె రంగులో ఉండాలి. ఇది కాటుకలా ఉంది.

బాబాకి చెప్పారు, బొట్టు సంగతి తప్ప మిగతాదంతా. బాబా ముద్ర కాగితం తీసి చూపించారు. "నీకు ఏజెన్సీ అంటే అసూయ. నీ పని వాళ్ళు తీసుకున్నారని" అన్నారు. అన్నయ్య సల్మాబాద్ వెళ్ళి ఆ బండికి సరిపోయే ఫిల్టరు తన డబ్బుతో కొనుక్కొచ్చి గది కిటికీలో పెట్టుకున్నారు. అది అక్కడే ఉంది. మాట ఇచ్చారు గదా. రెండో సర్వీసు కూడా అయింది. బొట్టు అలాగే ఉంది.

మంచి ఎండాకాలంలో అస్కర్ దారిలో ఆ బండి ఆగిపోయింది. లోపల బాబా, పిల్లలు, యుమ్మా. ఇంజను గులకరాళ్ళు నమిలినట్టు చప్పుడు చేసి నిలిచిపోయిందట. ఏసీ పోయింది. ఎండలో యుమ్మా సొమ్మసిల్లితే అన్నయ్య తన చొక్కా తడిపి ఆవిడ తల మీద వేసి, వేరే బండి వచ్చేదాకా అట్టతో విసిరారట. బండిని ఏజెన్సీకి లాక్కెళ్ళారు.

గురువారం సాయంత్రం బాబా ఏజెన్సీ నుంచి వచ్చారు. నేను టీ పళ్ళెం పట్టుకుని వస్తున్నాను. వాకిట్లో అన్నయ్యని పిలిచి ఫోను ముందుకి చాపారు బాబా. అందులో ఫొటో. ఫిల్టరు, దాని మీద ఎర్రగా నా బొట్టు.

"బయట గ్యారేజీవాళ్ళు పెట్టే గుర్తట ఇది. ఎవరో విప్పారట. వారంటీ ఇవ్వరట. ఇది ఎవరు చేశారు?"

అన్నయ్య నా వైపు చూడలేదు. కన్ను కూడా తిప్పలేదు.

"నేనే పెట్టిన బాబా. మారుస్తరో లేదో చూద్దామని గుర్తు పెట్టుకున్న. మొదటి సర్వీసు కంటే ముందే పెట్టిన."

"కిందికి దూరనని మాట ఇచ్చావు."

"ఇచ్చిన."

"ముందు పెట్టావని ఎవరు చెప్పాలి? మా అమ్మ పోయేది ఆ ఎండలో." బాబా గొంతు పెద్దది కాలేదు. అలసిపోయి ఉంది. "వచ్చే గురువారం టికెట్టు తీస్తాను. ఖలాస్" అన్నారు.

ఆయన వయసు అప్పటికి యాభై దాటింది. ఇంకో వీసా దొరికే వయసు కాదు. ఊళ్ళో కట్టిన ఇల్లు స్లాబు దాకా వచ్చి ఆగి ఉంది.

చీకటి పడకముందే వంటింటి మెట్టు దగ్గరికి వచ్చారు. "ఫోన్ల ఆ ఫొటో ఉన్నది గదా, తీసెయ్యి" అన్నారు.

"అన్నయ్యా, దాని మీద దసరా తారీకు ఉందండి. చూపిస్తే బాబా నమ్ముతారు కదండీ?"

"ఏమని చూపిస్తవ్? వంట చేసే ఆమె బండి కింద దూరి ఎర్రది పెట్టింది, అందుకే మా అమ్మ సొమ్మసిల్లింది అనుకోరా? మంత్రం చేసిందంటరు. మీ ఊళ్ళె నీ గడప ముంగట ఎవలన్న కుంకుమ, నిమ్మకాయ పెట్టిపోతే నువ్వు భయపడవా? గట్లనే వాళ్ళు. పోలీసుదాక పోతది చెల్లె. నీ బిడ్డ నర్సింగు ఇంక రెండేండ్లున్నది."

నేను ఫొటో తియ్యలేదు. చూపించనూ లేదు.

శుక్రవారం ఆయన జీపుకి ఆయిలు మార్చారు. మూడు నెలలు కాలేదు ఇంకా. పోయేముందు శుభ్రం చేసి పోతానన్నారు. నేను మెట్టు మీద కూర్చున్నాను. చుక్కలు పడుతున్నాయి. ఎండ గోడ దిగి నేల మీదికి వస్తోంది. ఇటు నేను, అటు ఆ పాదాలు.

"ఇవాళ కలేమీ రాలేదా అన్నయ్యా?"

"నిద్ర పడితే గదా."

పూసలు జరిగాయి. పదకొండు అయినా ఆయన నట్టు బిగించలేదు. ఇంకా అలాగే పడుకుని ఉన్నారు.

శనివారం గడిచింది. ఆదివారం గడిచింది. కూరలో ఉప్పు వేశానో లేదో తెలియడం లేదు. ఫోను తీస్తాను, ఆ ఫొటో చూస్తాను, మూసేస్తాను. బాబా ఎదురుపడితే తల దించుకుంటాను. నా కూతురి ముఖం ఒకవైపు, ఆయన కట్టుకుంటున్న పెట్టె ఒకవైపు. ఇందులో గొప్పగా చెప్పుకునేది ఏమీ లేదు. భయపడ్డాను, అంతే. నాలుగు రోజులు నోరు తెరవలేదు.

సోమవారం మధ్యాహ్నం యుమ్మా గదిలోకి టీ తీసుకెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని, "డ్రైవరు చొక్కా ఉతికి ఇచ్చావా?" అని అడిగారు. ఎండలో ఆయన తడిపి తల మీద వేసిన చొక్కా. అది ఇంకా ఉతికే బట్టల్లోనే ఉండిపోయింది. ఆ మాటకి నేల మీద కూర్చుండిపోయాను. వచ్చీరాని అరబ్బీలో, చేతులతో, కన్నీళ్ళతో మొత్తం చెప్పేశాను. ఫొటో చూపించాను.

యుమ్మా ఫోను కంటికి దగ్గరగా పెట్టుకున్నారు.

"ఇది ఎవరి మీద?"

"ఎవరి మీదా కాదు యుమ్మా. బండిలో పిల్లలు ఎక్కుతారని. ఏమీ కాకూడదని."

అప్పుడు యుమ్మా, "లోపల అద్దానికి నీలం పూస నేను కట్టాను. కింద ఎర్రది నువ్వు పెట్టావు. మధ్యలో బండి పాడైపోయింది" అన్నారు. అని, పళ్ళు లేని నోటితో నవ్వారు. నవ్వి, కొడుకుని పిలిచారు.

బాబా ఆ ఫొటోనీ, దాని తారీకునీ, సర్వీసు కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశారు. నన్ను ఏమీ అనలేదు. నా ఫోను తీసుకుని అప్పటికప్పుడు ఏజెన్సీకి వెళ్ళారు. అక్కడ ఏం జరిగిందో పూర్తిగా తెలియదు. రోజుకి ఇన్ని బండ్లు అయిపోవాలనే తొందరలో లోపల ఎవరో పని చెయ్యకుండానే టిక్కు కొట్టారని తేలిందట. ఇంజను వాళ్ళే బాగుచేసి ఇస్తామన్నారు. తిరిగి వచ్చి బాబా గేటు పక్క గది ముందు నిలబడ్డారు.

"నాకు అబద్ధం చెప్పావు."

"చెప్పిన బాబా."

"ఆ పెట్టె విప్పు." అంతే అన్నారు. గది లోపలికి తొంగిచూసి గోడ మీది చుక్కలని చాలాసేపు చూశారు. ఇక మీదట ఆ బండి ఏజెన్సీకి వెళ్ళినా, పక్కన నిలబడి చూసేది మా డ్రైవరే అని ఏజెన్సీవాళ్ళతో ఒప్పించి వచ్చారు. తర్వాత సర్వీసునాడు అన్నయ్య లోపలి నుంచి వీడియో కాల్ చేశారు. నెత్తిన టోపీ, ఒంటి మీద నారింజ రంగు కోటు. "చూడు చెల్లె, లోపటికి రానిచ్చిన్రు. కాఫీ మాత్రం ఇయ్యలే!"

కాని అది తర్వాత. ఆ సోమవారం నుంచి వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. టీ పెడితే తాగేవారు, గ్లాసు కడిగి మెట్టు మీద పెట్టేవారు. నేను ఆలస్యం చేసినందుకే కోపం అనుకున్నాను. అడగడానికి మొహం చెల్లలేదు. ఎనిమిదో రోజున వచ్చి, "చక్కెర వెయ్యి" అని చేతులు చాపారు. మళ్ళీ మామూలైపోయాం. ఆ నాలుగు రోజుల మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. అది నాలో అలాగే ఉండిపోయింది. ఆయన నవ్వుతున్నప్పుడు కూడా, ఈ మనిషిని నాలుగు రోజులు ఒంటరిగా వదిలేశాను కదా అనిపించేది.

మూడేళ్ళ తర్వాత ఆయన ఇక చాలని ఊరికి బయల్దేరారు. ఇల్లు పూర్తయింది, కూతురి పెళ్ళి అయింది. బాబా స్వయంగా బండి నడిపి ఎయిర్‌పోర్టులో దింపుతానన్నారు. పక్క సీటులో ఎలా కూర్చోవాలో తెలియక ఆయన తెగ ఇబ్బంది పడిపోయారు. అది సాయంత్రం సంగతి. ఆ మధ్యాహ్నం వంటింటి మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. గాలి లేదు. బయట వీధిలో ఒక పిల్లి ఒక్కటే నడుస్తోంది. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది.

"అన్నయ్యా, ఆ నాలుగు రోజులు నేను నోరు విప్పలేదు కదండీ. నా గురించి ఏమనుకున్నారు?"

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "ఏమనుకుంట? నువ్వు ఎక్కడ చెప్తవో అని నాకే భయం. అయిదు పూటల నమాజుల అదే దువా చేసిన. యా అల్లా, మా చెల్లె నోరు విప్పకుండ చూడు అని."

నాకు కళ్ళు మసకలయ్యాయి. దాచుకోవడానికి వెక్కిరింపుగానే అన్నాను, "అయితే మీ దువా ఫలించలేదన్నమాట."

"ఎందుకు ఫలించలే?" అన్నారు ఆయన. "నాలుగు దినాలు ఫలించింది గదా."